ఎల్బో గార్డ్ కొనేముందు: గ్లవ్ వేసి, బ్యాట్ పట్టి, చేయి వంచి చూడండి

హెల్మెట్ మీద, బ్యాట్ మీద వేలకు వేలు పెట్టేవాళ్లు కూడా మోచేతి దగ్గరికి వచ్చేసరికి “అది తర్వాత చూద్దాంలే” అంటారు. బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఉండే మన తెలుగు కుర్రాళ్లలో ఇది మరీ ఎక్కువ. దానికి కారణం ఉంది. గుంటూరులోనో, అనంతపురంలోనో, కరీంనగర్‌లోనో కాలేజీ గ్రౌండ్‌లో టెన్నిస్ బాల్‌తో ఆడి పెరిగినవాళ్లే ఎక్కువమంది. ఇక్కడికొచ్చి ఉద్యోగంలో చేరగానే ఆఫీస్ టీమ్‌లో పేరిచ్చేస్తారు. తీరా వెళ్తే అక్కడ లెదర్ బాల్, మ్యాటింగ్ వికెట్ (చాప పరిచిన పిచ్). టెన్నిస్ బాల్ చేతికి తగిలితే కాసేపు రుద్దుకుని ఆడేయొచ్చు. ఒంటికి అదే అలవాటు. షార్ట్ బాల్ (పొట్టిగా పడి ఒంటి మీదకి లేచే బంతి) వచ్చినప్పుడు పక్కకి తప్పుకునేలోపే చేయి అడ్డం వెళ్లిపోతుంది. లెదర్ బాల్ ముందు ఆ అలవాటుకి ఎముక విరుగుతుంది.

మోచేయి సంగతి ఇంకా ప్రత్యేకం. వెనక పొడుచుకొచ్చి కనిపించే ఎముక కొన మీద చర్మం తప్ప కండ లేదు. దాని పక్కనే, ఒంటివైపు, ఒక నరం ఎముకని ఆనుకుని పైపైనే వెళ్తుంది. గోడకి మోచేయి తగిలినప్పుడు చిటికెన వేలిదాకా జివ్వుమని లాగేది ఆ నరమే. పైగా ఈ కీలు గాయమై కొన్నాళ్లు కదలకుండా ఉంటే తొందరగా బిగుసుకుపోతుంది. మళ్లీ చేయి పూర్తిగా చాపడానికి నెలల తరబడి ఫిజియోథెరపీ అవసరం పడొచ్చు. రోజంతా కీబోర్డు మీద బతికేవాళ్లకి అదెంత కష్టమో చెప్పక్కర్లేదు.

కాబట్టి గార్డు తప్పకుండా కొనండి. ఏది కొనాలన్న దగ్గర మాత్రం బ్రాండ్ పేరుకి, మందానికి మొదటి మార్కులు వేయకండి. మీరు స్టాన్స్‌లో, అంటే బంతి కోసం బ్యాట్ పట్టి నిలబడే తీరులో, చేయి వంచి నిలబడ్డప్పుడు ఆ గార్డు ఎక్కడ కూర్చుంటోంది, షాట్ ఆడాక కూడా అక్కడే ఉంటోందా అన్నదే అసలు పరీక్ష.

1. ముందు ఏ చేయో తేల్చుకోండి

కుడిచేతి బ్యాటర్‌కి ఎడమ మోచేయి, ఎడమచేతి బ్యాటర్‌కి కుడి మోచేయి బౌలర్‌కి ఎదురుగా ఉంటుంది. గార్డు ఆ ముందు చేతికే. చాలా సులువైన విషయంలా ఉంటుంది కానీ, ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేటప్పుడు “రైట్ హ్యాండ్” అని కనబడితే అది కుడి చేతికి వేసుకునేదా, కుడిచేతి బ్యాటర్‌కి పనికొచ్చేదా అన్న అయోమయం నిజంగానే ఉంటుంది. ఒక్కో కంపెనీ ఒక్కోలా రాస్తుంది. ఫోటోలో అది ఏ చేతికి తొడిగి ఉందో చూసి నిర్ధారించుకోండి. రెండు చేతులకీ సరిపడే మోడల్ అయితే ఆ తలనొప్పే ఉండదు.

ముందు చేయి ఎంతగా బంతికి ఎదురుపడుతుందో చెప్పడానికి హనుమ విహారి ఇన్నింగ్స్ కన్నా మంచి ఉదాహరణ లేదు. 2023లో ఇండోర్‌లో మధ్యప్రదేశ్‌తో రంజీ ట్రోఫీ క్వార్టర్ ఫైనల్. అవేశ్ ఖాన్ వేసిన బౌన్సర్ తగిలి ఆంధ్ర కెప్టెన్ విహారి ఎడమ చేతి మణికట్టు దగ్గర ఎముక విరిగింది. అయినా జట్టు కోసం చివర్లో మళ్లీ క్రీజులోకి వచ్చాడు. కుడిచేతి బ్యాటర్ అయినవాడు ఈసారి ఎడమచేతి వాటంగా నిలబడి, దాదాపు ఒంటిచేత్తో ఆడాడు. తన మామూలు స్టాన్స్‌లో నిలబడితే విరిగిన చేయే బౌలర్‌కి ఎదురుగా ఉంటుంది. వాటం మారిస్తే అది వెనక్కి వెళ్తుంది. ఆ ధైర్యాన్ని చూసి చేతులెత్తి దండం పెట్టాల్సిందే. ముందు చేతిని కాపాడుకోవడం ఎంత అవసరమో కూడా అక్కడే తెలుస్తుంది.

వెనక మోచేతికి అసలు తగలదని కాదు. షార్ట్ బాల్‌కి ఛాతీ తెరుచుకుని బౌలర్ వైపు తిరిగిపోయే అలవాటున్నవాళ్లకి అదీ తగులుతుంది. కానీ రెండు చేతులకీ గార్డులు కట్టుకుంటే వెనక చేయి కదలిక బిగుసుకుంటుంది. వెనక చేతికి రెండో గార్డు కొనే బదులు, ఆ తిరిగిపోయే అలవాటు మీద కోచ్‌తో కూర్చోవడం మంచిదని నా అభిప్రాయం.

2. మీరు ఎదుర్కొనే బంతిని లెక్కలోకి తీసుకోండి

మగవాళ్ల క్రికెట్ బంతి బరువు 156 నుంచి 163 గ్రాముల దాకా ఉంటుంది. దెబ్బ తీవ్రత మాత్రం బరువు కన్నా వేగం మీదే ఎక్కువ ఆధారపడుతుంది. వేగం పెరిగితే బంతిలోని శక్తి ఆ వేగం వర్గంతో పెరుగుతుంది. అంటే గంటకి 80 కిలోమీటర్ల బంతితో పోలిస్తే 120 కిలోమీటర్ల బంతిలో శక్తి ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంపావు రెట్లు. ఇక సమయం చూస్తే, రెండు పాపింగ్ క్రీజుల (పిచ్ రెండు కొసల్లో వికెట్ల ముందుండే గీతల) మధ్య దూరం 17.68 మీటర్లు. 120 కిలోమీటర్ల బంతి ఆ దూరాన్ని అర సెకను పైన కాస్త సమయంలో దాటేస్తుంది. తప్పుకోవాలా, ఆడాలా అని ఆలోచించే వ్యవధి అంతే.

వారాంతపు లీగుల్లో బౌలర్లందరూ 120 వేయరు, నిజమే. కానీ బెంగళూరు చుట్టుపక్కల, సర్జాపూర్ దారిలో, హొస్కోటె వైపు ఉన్న అద్దె గ్రౌండ్లలో చాలాచోట్ల మ్యాటింగ్ వికెట్ వేస్తారు. మ్యాట్ మీద బంతి టర్ఫ్ (మామూలు మట్టి, గడ్డి పిచ్) కన్నా నిటారుగా లేస్తుంది. గుడ్ లెంగ్త్ కన్నా కాస్త పొట్టిగా పడిన బంతి కూడా పక్కటెముకల ఎత్తుకి వస్తుంది. మీరు డిఫెన్స్‌కి మోచేయి ఎత్తి ఉంచే చోటు సరిగ్గా అదే. కాబట్టి “మా లీగ్‌లో స్పీడ్ లేదు” అన్న ధైర్యం మ్యాటింగ్ మీద చెల్లదు.

నెట్స్ సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. మ్యాచ్‌కి గార్డు కట్టుకుని నెట్స్‌లో వదిలేసేవాళ్లు ఎక్కువ. నెట్స్‌లోనే బంతులు ఎక్కువ ఆడతాం, అలసిపోయి కూడా ఆడతాం. సైడ్ ఆర్మ్‌తో (బంతి విసిరే పొడవాటి గరిట లాంటి సాధనంతో) త్రోడౌన్ వేసేవాళ్లు చాలాసార్లు క్రీజుకి బాగా ముందుకొచ్చి వేస్తారు, కాబట్టి అదే వేగానికి సమయం ఇంకా తగ్గుతుంది. బౌలింగ్ మెషీన్ అయితే చేతి కదలికే కనబడదు, బంతి గొట్టంలోంచి ఊడిపడుతుంది. 2024 నవంబర్‌లో టీమిండియా పెర్త్‌లో తమలో తాము ప్రాక్టీస్ ఆడుకుంటుంటే ప్రసిద్ధ్ కృష్ణ వేసిన బంతి కేఎల్ రాహుల్ మోచేతికి తగిలి, అతను మైదానం వదలాల్సి వచ్చింది. ఇద్దరూ కర్ణాటక ఆటగాళ్లే. అదృష్టం బాగుండి రాహుల్ ఆ వారం తర్వాత మొదలైన టెస్టు ఆడి, రెండో ఇన్నింగ్స్‌లో 77 పరుగులు చేశాడు. సొంత జట్టువాడు వేసిన ప్రాక్టీస్ బంతి కూడా అంత పని చేస్తుంది.

మీరు టెన్నిస్ బాల్ మాత్రమే ఆడితే గార్డు అక్కర్లేదు. హార్డ్ టెన్నిస్ బాల్ అయితే తేలికపాటి ఫోమ్ గార్డు చాలు. లెదర్ బాల్ అయితే మాత్రం కింద చెప్పేవన్నీ చదవండి.

3. ఎల్బో గార్డా, ఆర్మ్ గార్డా?

షాపులో రెండింటినీ “ఎల్బో గార్డ్” అనే అమ్ముతారు. అవి వేర్వేరు. ఒక రకం ముంజేతి మీద పొడవుగా పరుచుకుంటుంది, మోచేతి కొన దాకా రాదు. రెండో రకం మోచేతిని గిన్నెలా కప్పి, కింద ముంజేతి మీదకి కొంత దిగుతుంది. మూడో రకం మధ్యలో కీలు దగ్గర విడగొట్టి, పైన దండచేతికి కొంచెం, కింద ముంజేతికి కొంచెం కప్పుతుంది. మీకు మోచేయి భయం అయితే మొదటి రకం కొని ఇంటికి తెచ్చుకుని లాభం లేదు.

ఏది మంచిదంటే, మీకు దెబ్బలు ఎక్కడ తగులుతున్నాయో ఆలోచించండి. ఫ్రంట్ ఫుట్ మీద బాగా వంగి ఆడేవాళ్లకి ముంజేయి ముందుకొస్తుంది. బ్యాక్ ఫుట్ మీద నిటారుగా నిలబడి, మోచేయి ఎత్తి ఆడేవాళ్లకి మోచేతి పక్క భాగం ముందుంటుంది. పుల్, హుక్ ఎక్కువ ఆడేవాళ్లకి రెండూ. నన్నడిగితే మొదటిసారి లెదర్ బాల్‌కి మారేవాళ్లు మోచేతి కొననీ, ముంజేతి పై సగాన్నీ కలిపి కప్పేది తీసుకోవాలి. దండచేతిదాకా పాకే పెద్ద గార్డులు చూడ్డానికి ధైర్యంగానే ఉంటాయి. చేయి పైకెత్తి కట్ ఆడినప్పుడు మాత్రం భుజం దగ్గర చొక్కాని లాగుతాయి.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. మెడికల్ షాపులో దొరికే టెన్నిస్ ఎల్బో బెల్టు, మోచేతి స్లీవ్, ఇవి గార్డులు కావు. టెన్నిస్ ఎల్బో అంటే బంతి తగిలి వచ్చే దెబ్బ కాదు. మోచేతి బయటివైపు స్నాయువు పదేపదే లాగబడి వచ్చే నొప్పి. సచిన్ టెండూల్కర్‌ని 2004లో ఇబ్బంది పెట్టి, 2005లో సర్జరీ దాకా తీసుకెళ్లింది అదే. బరువైన బ్యాట్, సన్నటి గ్రిప్, రోజంతా మౌస్ పట్టుకునే పని, అన్నీ కలిసి దాన్ని పెంచుతాయి. మీకున్నది ఆ నొప్పి అయితే ఎంత ఖరీదైన గార్డు కట్టినా తగ్గదు. ఫిజియోని కలవండి.

4. ఇంట్లోనే కొలతలు తీసుకోండి

కుట్టుపనికి వాడే టేపు చాలు. మీ స్టాన్స్‌లో నిలబడి, బ్యాట్ పట్టుకుని, ముందు చేయి మామూలుగా ఎంత వంగుతుందో అంతే వంచండి. ఎవరినైనా సాయం అడగండి. మూడు కొలతలు కావాలి. మోచేతి కొన కింద నాలుగు వేళ్ల దూరంలో ముంజేతి చుట్టుకొలత, మోచేతి కొన పైన నాలుగు వేళ్ల దూరంలో దండచేతి చుట్టుకొలత, చివరగా గ్లవ్ వేసుకున్నాక మోచేతి కొన నుంచి గ్లవ్ అంచు దాకా పొడవు.

చేయి చాపి కొలిస్తే తప్పు వస్తుంది. వంచినప్పుడు కండ ఉబ్బుతుంది, బ్యాట్ గట్టిగా పట్టుకుంటే ఇంకా ఉబ్బుతుంది. చాపిన చేతికి సరిగ్గా సరిపోయిన స్ట్రాప్ మూడో ఓవర్‌కల్లా పట్టేసి, ముద్ర వేస్తుంది. గ్లవ్ అంచు దాకా పొడవు ఎందుకంటే, గార్డు కింది అంచు గ్లవ్‌ని తాకకూడదు. ఒక వేలంత సందు ఉండాలి. తాకితే కట్ ఆడేటప్పుడు మణికట్టు తిరగదు. మరీ సందు ఎక్కువైతే ఆ ఖాళీలోనే బంతి తగులుతుంది. పొట్టి కఫ్ (మణికట్టు మీదకి వచ్చే భాగం) ఉన్న గ్లవ్ అయితే పొడవాటి గార్డు, పొడవాటి కఫ్ అయితే పొట్టిది. అందుకే రెండూ కలిపి చూడకుండా గార్డు కొనొద్దంటాను.

5. షాపుకి గ్లవ్, బ్యాట్ తీసుకెళ్లండి

కౌంటర్ దగ్గర ఎప్పుడూ జరిగేది ఇదే. కస్టమర్ చేయి చాపి నిలబడతాడు, షాపతను గార్డు చుట్టి స్ట్రాప్ బిగించి “ఫ్రీ సైజ్ సార్, అందరికీ సరిపోతుంది” అంటాడు. చాపిన చేతికి ఏదైనా సరిపోతుంది. చేయి వంచగానే గార్డు అర అంగుళం కిందకి జారి, మోచేతి కొన బయటికి తొంగిచూస్తుంది. ఎముక కొన మీద వేలు పెట్టి చూడండి. వంచిన చేతిలో కూడా ఆ కొన గార్డు అంచు లోపలే, కనీసం ఒక వేలు మందం లోపల ఉండాలి.

తర్వాత గ్లవ్ వేసుకుని, బ్యాట్ పట్టుకుని, షాపులో కాస్త జాగా ఉన్నచోట నీడ షాట్లు, అంటే బంతి లేకుండా ఊరికే షాట్లు, ఆడండి. సిగ్గుపడొద్దు, క్రికెట్ షాపులో అందరూ చేసే పనే. ముందు ఫార్వర్డ్ డిఫెన్స్, మోచేయి బాగా ఎత్తి. అప్పుడు గార్డు పై అంచు దండచేతికి గుచ్చుకుంటుందేమో చూడండి. తర్వాత పుల్. ఇక్కడ చాలా గార్డులు చేతి చుట్టూ తిరిగిపోతాయి, మధ్య భాగం పక్కకెళ్లిపోతుంది. అలా తిరిగితే సైజు పెద్దదైనా అయ్యుండాలి, లోపలి లైనింగ్ నున్నగానైనా ఉండాలి. చివరగా చేయి పూర్తిగా మడిచి పిడికిలి భుజానికి ఆనించండి. మోచేతి మడత లోపల స్ట్రాప్ నలిగి చర్మాన్ని పట్టేస్తే ఆ మోడల్ వదిలేయండి. మంచి డిజైన్‌లో స్ట్రాపులు మడతకి పైనా కిందా వస్తాయి, మడత మీదుగా రావు.

ఇప్పుడు గార్డు తీసి చేతిలో పట్టుకోండి. మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కండి. లోపలివైపు రెండో చేతి వేలికి ఆ నొక్కుడు సూదిగా తెలిస్తే ఫోమ్ పనికిరాదు. మంచి గార్డు రెండు పొరల్లో పనిచేస్తుంది. బయటి గట్టి పొర దెబ్బని ఒక్కచోట ఆగనివ్వకుండా వెడల్పుగా పరుస్తుంది, లోపలి మెత్తటి పొర ఆ తాకిడిని కాస్త సాగదీసి ఒంటికి చేరేసరికి తగ్గిస్తుంది. వట్టి మెత్తటి స్పాంజ్ అయితే బంతి నేరుగా ఎముకకి చేరుతుంది. వట్టి గట్టి ప్లాస్టిక్ అయితే దెబ్బ అలాగే దిగుతుంది. హై డెన్సిటీ ఫోమ్, లోపల ప్లాస్టిక్ పలక, ఒంటికి తగిలేచోట తువ్వాలు గుడ్డ లాంటి లైనింగ్ ఉన్నది చూసుకోండి. లైనింగ్ చెమట పీల్చడమే కాదు, గార్డు జారకుండా పట్టి ఉంచుతుంది కూడా.

అంచుల్ని కూడా నొక్కండి. చాలామంది చూడని చోటు అదే. మధ్యలో మందంగా ఉండి అంచుల్లో పల్చబడిపోయే గార్డు మీద, పక్కనుంచి వచ్చిన బంతి పల్చటి చోటే తగులుతుంది. మోచేతి లోపలివైపు, అంటే ఒంటివైపు, నరం ఉన్న చోటుకి అంచు ఎంత దాకా వస్తుందో చూడండి.

ధర విషయానికొస్తే 400–500 రూపాయల నుంచి మొదలై 2,000 దాటేదాకా ఉంటాయి. మీరట్‌లో తయారయ్యే ఎస్‌జీ, ఎస్‌ఎస్ లాంటివి ప్రతి స్పోర్ట్స్ షాపులో దొరుకుతాయి. శ్రే, కూకబురా లాంటివి క్రికెట్ సామాన్లే ప్రత్యేకంగా అమ్మేచోట అడగాలి. బ్రిటిష్ స్టాండర్డ్ బీఎస్ 6183లో మూడో భాగం ప్యాడ్లతోపాటు చేతి గార్డులకీ వర్తిస్తుంది. లేబుల్ మీద అది కనబడితే మంచిదే, కానీ మన షాపుల్లో చాలా గార్డుల మీద ఏ ప్రమాణమూ రాసి ఉండదు. అప్పుడు మీ బొటనవేలే ప్రమాణం. వారానికి ఒక మ్యాచ్, రెండు నెట్స్ ఆడేవాళ్లకి మధ్యరకం ధరలో సరిగ్గా సరిపోయేది చాలు. జారిపోయే 2,000 రూపాయల గార్డు కన్నా కదలకుండా కూర్చునే 700 రూపాయల గార్డు వెయ్యి రెట్లు నయం.

ఆన్‌లైన్‌లోనే కొనాల్సి వస్తే సైజు చార్ట్ సెంటీమీటర్లలో ఉన్నదే తీసుకోండి. వెనకవైపు, లోపలివైపు ఫోటోలు లేనిది వద్దు. వాపస్ తీసుకుంటారో లేదో ముందే చూసుకోండి. వచ్చాక లేబుల్ చింపకుండా పైన చెప్పిన నీడ షాట్లన్నీ ఇంట్లో ఆడాకే ఉంచుకోండి.

6. కట్టుకునే పద్ధతి

కొన్నది మంచిదే అయినా కట్టుకోవడం తెలియక పాడుచేసుకునేవాళ్లని ప్రతి ఆదివారం చూస్తాం. ప్యాడ్లు, థై ప్యాడ్ అయ్యాక, గ్లవ్‌కి ముందు గార్డు. చేయి వంచి, ముందు కింది స్ట్రాప్, తర్వాత పై స్ట్రాప్. కింది స్ట్రాపే అసలు పట్టు, పైది కేవలం ఆసరా. పై స్ట్రాప్ బిగుతుగా లాగితే రక్తం ఆగి చేయి బరువెక్కుతుంది. స్ట్రాప్ కింద రెండు వేళ్లు దూరాలి. వెల్క్రో కొన ఒంటివైపు కాకుండా బయటివైపు వచ్చేలా చూసుకోండి, లేకపోతే చొక్కాకి పట్టుకుని ప్రతి బంతికీ చిరాకు పెడుతుంది.

ఫుల్ చేతుల చొక్కా వేసుకునేవాళ్లు గార్డు చొక్కా మీద కట్టాలా, లోపల కట్టాలా అని అడుగుతుంటారు. మీద కడితే గుడ్డ జారి గార్డు తిరుగుతుంది. లోపల ఒంటికి కడితే స్థిరంగా ఉంటుంది, కాకపోతే చెమట. మధ్యేమార్గంగా పల్చటి కంప్రెషన్ స్లీవ్ వేసి దాని మీద కట్టుకుంటే రెండు సమస్యలూ తీరతాయి. వేసవిలో చెన్నై వెళ్లి టోర్నమెంట్ ఆడేవాళ్లకైతే స్లీవ్ తప్పనిసరి అంటాను.

ఆడుతుండగా చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కితే అక్కడే ఆగి స్ట్రాప్ వదులు చేయండి. మోచేతి లోపలి నరం నొక్కుకుపోతోందని అర్థం. అలవాటైపోతుందిలే అని ఓర్చుకోవద్దు.

అవుట్ విషయంలో చాలామందికి సందేహం ఉంటుంది కాబట్టి చెప్తున్నా. నియమాల ప్రకారం బ్యాట్‌ని పట్టుకున్న చేయీ, ఆ చేతికున్న గ్లవ్ మాత్రమే బ్యాట్ కింద లెక్క. ముంజేతి గార్డుకి మాత్రమే తగిలి ఎగిరిన బంతిని కీపర్ పట్టినా అది క్యాచ్ కాదు. ఎల్‌బీడబ్ల్యూ మాత్రం కాలికే అన్న నియమం లేదు. బంతి ఒంట్లో ఎక్కడ తగిలినా వికెట్ల మీదకి వెళ్తుంటే ఇవ్వొచ్చు. 1999లో అడిలైడ్‌లో ఆస్ట్రేలియా బౌలర్ మెక్‌గ్రాత్ బంతికి వంగిన సచిన్‌ని భుజానికి తగిలిందని అవుట్ ఇచ్చిన సంగతి మనవాళ్లెవరూ మర్చిపోరు. గార్డు అంచు గ్లవ్ మీదకెక్కి ఉంటే మాత్రం ఏది తగిలిందో అంపైర్‌కి తేల్చడం కష్టం. ఆ ఒక్క వేలు సందు ఇక్కడా పనికొస్తుంది.

7. పిల్లలకి కొనేటప్పుడు

సాయంత్రం అకాడమీల దగ్గర పిల్లల్ని దింపే అమ్మానాన్నలు ఈ భాగం తప్పకుండా చదవాలి. జూనియర్ బంతి పెద్దవాళ్ల బంతి కన్నా తేలిక, 133 నుంచి 144 గ్రాములు. కానీ మీ బాబు, మీ పాప నెట్స్‌లో నిజంగా ఏ బంతి ఆడుతున్నారో కోచ్‌ని అడిగి తెలుసుకోండి. పెద్ద పిల్లల నెట్‌లో ఖాళీ ఉందని చిన్నవాళ్లని కూడా అక్కడే నిలబెట్టే రోజులుంటాయి.

“ఎదిగే పిల్లాడు కదా, ఒక సైజు పెద్దది తీసుకుందాం” అన్న లెక్క చొక్కాకి సరే, గార్డుకి కుదరదు. పదకొండేళ్ల పిల్లాడికి పెద్దవాళ్ల గార్డు కడితే, రెండో బంతికే అది గిర్రున తిరిగి ఫోమ్ మొత్తం మోచేతి మడత వైపు వచ్చేస్తుంది. ఎముక కొన ఖాళీగా ఉంటుంది. పైగా బంతి బంతికీ దాన్ని సర్దుకుంటూ పిల్లాడి చూపు బౌలర్ మీద నుంచి పోతుంది. “నాన్నా, ఇది జారుతోంది” అంటే బిగించి ఊరుకోకండి, యూత్ సైజు తీసుకోండి. ఏడాదికోసారి మళ్లీ కొలవండి.

పిల్లల ఎముకల చివర్లలో ఇంకా ఎదిగే భాగం మెత్తగా ఉంటుంది. మోచేతి దగ్గర అలాంటివి చాలా ఉన్నాయి. అందుకే పిల్లల మోచేతికి తగిలిన దెబ్బని “చిన్నదేలే” అని ఇంట్లో తేల్చేయకూడదు.

8. గార్డు ఉన్నా దెబ్బ గట్టిగా తగిలితే

ఆట ఆపండి. గార్డు, వాచీ, కడియం, తాడు ఏమున్నా ముందే తీసేయండి, వాపు వచ్చాక రావు. ఐస్‌ని గుడ్డలో చుట్టి 15–20 నిమిషాలు పెట్టండి, చర్మానికి నేరుగా వద్దు. తర్వాత నెమ్మదిగా రెండు చేతులూ చాపి పక్కపక్కన చూడండి. దెబ్బ తగిలిన చేయి రెండోదానంత పూర్తిగా చాపలేకపోతే, వేళ్లు తిమ్మిరిగా ఉంటే, ఎముక మీద ఒక్కచోట వేలు పెట్టనివ్వకపోతే, అదే రోజు ఎక్స్‌రే తీయించండి. ఆకారం మారినట్టు కనబడితే చాపే ప్రయత్నమే వద్దు. ఉన్నపళంగా చేతికి ఆసరా కట్టి ఆస్పత్రికి తీసుకెళ్లండి.

నూనె రాసి మర్దన చేయడం, పట్టి లాగడం వద్దు. మోచేతి గాయం మీద బలంగా మర్దన చేస్తే కండలో ఎముక పేరుకుని కీలు బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. మన రాయలసీమవాళ్లకి పుత్తూరు కట్టు మీద తరాల నాటి నమ్మకం. ఇంట్లో పెద్దవాళ్లు ఫోన్‌లో ముందు చెప్పేదే అది. వాళ్లకి నచ్చజెప్పి, ముందు ఎక్స్‌రే తీయించి ఎముకల డాక్టర్‌కి చూపించండి. మోచేతిలో ఎముక కీలు లోపలికి విరిగిందా, పక్కకి జరిగిందా అన్నది పైనుంచి చేత్తో పట్టి చెప్పలేని విషయం.

9. ఎన్నాళ్లు వాడొచ్చు

మ్యాచ్ అయ్యాక తడి గార్డుని కిట్ బ్యాగులో కుక్కేసి మళ్లీ శనివారం తీసేవాళ్లే ఎక్కువ. బెంగళూరు వానాకాలంలో అలా వదిలేస్తే లైనింగ్ బూజు వాసన పట్టి, ఒంటి మీద దద్దుర్లు వస్తాయి. ఇంటికి రాగానే తడిగుడ్డతో తుడిచి, నీడలో, ఫ్యాన్ కింద ఆరబెట్టండి. వాషింగ్ మెషీన్‌లో వేయొద్దు. ఎండలో నిలిపిన కారు డిక్కీలో కూడా వదిలేయొద్దు, వేడికి పొరల మధ్య జిగురు వదులుతుంది. వెల్క్రోలో ఇరుక్కున్న దారాలు పాత టూత్ బ్రష్‌తో తీసేస్తే పట్టు మళ్లీ వస్తుంది.

సీజన్ మొదట్లో ఒకసారి, గట్టి దెబ్బ తగిలిన ప్రతిసారీ బొటనవేలి పరీక్ష మళ్లీ చేయండి. నొక్కిన చోట ఫోమ్ తిరిగి లేవకుండా గుంటగా ఉండిపోతే, లోపలి పలక కటుక్కుమంటే, కుట్లు ఊడి పొరలు విడిపోతే కొత్తది కొనండి. స్ట్రాప్ ఎలాస్టిక్ మాత్రమే సాగిపోయి, ఫోమ్ బాగుంటే పారేయక్కర్లేదు. పాత ఎలాస్టిక్ ముక్కని కొలతకి పట్టుకెళ్తే చెప్పులు కుట్టేవాళ్ల దగ్గరో, బ్యాగులు రిపేర్ చేసేవాళ్ల దగ్గరో తక్కువలోనే కొత్తది కుట్టిస్తారు. కుట్టు గట్టి పొరకి పడకుండా పాత కుట్టు మీదే వేయమని చెప్పండి.